జీతో మొదలయ్యే ఇంగ్లీషు

పలకలు పగలకుండా మధ్యమధ్య పెట్టేందుకు
కిలోల లెక్కన కొన్న చిత్తుకాగితాల మూటలో
ఒకనాడు ఇంగ్లీషు డిక్షనరీ వచ్చింది.
ముందు అట్ట లేదు. ఏ నుంచి ఎఫ్ దాకా లేవు.
వెనక యూ మొదట్లోనే తెగిపోయింది.
తతిమ్మాదంతా ఉంది, ఎలుక కొరికిన మూలలతో సహా.

ప్యాకింగు గుమాస్తా ఖాసింపీరా చించబోయి ఆగాడు.
"తొమ్మిది దాకా చదివినదానివి గదా వెంగమ్మా,
ఇదేందో చూడు."
అట్లా మొదలైంది మా ఇంగ్లీషు,
ఆరక్షరాలు ఆలస్యంగా.

మార్కాపురంలో మా కోతమిషన్లు మూడు ఆగిపోయిన ఏడాది అది.
మధ్యాన్నం కరెంటు పోతే
అంచు పెచ్చులూడిన పలకొకటి ఒళ్లో పెట్టుకుని
రోజుకో మాట రాసేదాన్ని.
పీరా దగ్గుతూ వినేవాడు.
బాగా నలిగిన మాటలు మాకొద్దు.
ఎవరూ అడగక మూలన పడ్డవి కావాలి,
సెకండ్స్ సరుకు మాదిరి.

గ్రోక్.
ఎదుటివాడు తింటుంటే పిలుస్తాడేమోనని
ఉలుకూ పలుకూ లేకుండా చూస్తుండటం.
గేటుకాడి కుక్కకి ఆ పూటే పేరు దొరికింది.
పప్పన్నం ముద్ద కిందపడేదాకా
అది పేరు నిలబెట్టుకునేది.

అలిజ్.
సీసాలో నిండకుండా మిగిలిన ఖాళీ.
"ఖాళీకి కూడా పేరా!"
పీరా టీ గ్లాసెత్తి వెలుతురులో పెట్టి చూశాడు.
శనివారం కూలి చేతిలో పడ్డప్పుడు
ఇద్దరికీ ఆ మాటే గుర్తొచ్చింది.

లూన్యూల్.
గోటి మొదట్లో తెల్లని నెలవంక.
పదివేళ్లూ చాపి లెక్కపెట్టుకున్నా. ఎనిమిదే.
ఎడమ బొటనవేలిది సుత్తి కింద పోయింది.
చిటికెనవేలిది ఎప్పుడు పోయిందో
అసలు ఉండేదో లేదో.

ఎన్ని నేర్చినా ఆ ఆరక్షరాల దగ్గర మాత్రం
బళ్లో చెప్పింది కూడా చెరిగిపోయినట్టే ఉండేది.
అమ్మ ఎమ్ దగ్గర దొరికింది, నాన్న ఎఫ్‌తో పాటు పోయాడు.
ఆకలి ఉంది, తినడం లేదు.
తాళం ఉంది, తలుపు చిరిగిపోయింది.

నేలకి పరిచే రాయి కోసం చెన్నై నుంచి ఒకాయన వచ్చాడు.
ఓనరు లేడు. తెలుగు రాదాయనకి.
సరుకు ఎప్పుడని ఇంగ్లీషులో అడిగాడు.
పీరా నావైపు చూశాడు.
ఎల్లుండి అని చెప్పాలి.
డే నా పుస్తకంలో లేదు, ఆఫ్టర్ లేదు,
టుమారో ఒక్కటుంది, కానీ రేపు కాదు గదా.
"ఓవర్‌మారో" అన్నా.

ఆయన కళ్లద్దాలు తీశాడు.
నేను మళ్లీ అన్నా, ఈసారి కొంచెం గట్టిగా.
కూడా వచ్చిన కుర్రాడు ఫోన్లో వెతికాడు.
ఉంది సార్, అని ఏదో చెప్పి
నాకు తెలుగులో చెప్పాడు:
"పాత మాటంటక్కా. వాళ్లే వాడటం మానేశారంట."

మానేశారా!
మా అమ్మమ్మ ఎల్లుండి దాటి ఆవలెల్లుండి దాకా
కణుపుల మీద లెక్కేసి అప్పులోళ్లకి చెప్పేది.
అంత దూరం వాయిదా అడిగే పని లేనోళ్లు
మానేసి ఉంటారు.

ఎల్లుండి పొద్దంతా కరెంటు లేదు.
లారీ కదిలింది ఆవలెల్లుండి, దీపాల వేళకి.
దానికి ఇంగ్లీషులో మాటుందో లేదో,
ఉన్నా ఎఫ్‌కి ఇవతలే చిరిగిపోయిందో.

ఆఖరి రాయి ఎత్తే ముందు
దాని వెనక మేకుతో ఎల్లుండి అని గీకాను.
తెలుగులోనే.
"కిందకి తిప్పి పరుస్తారు, ఎవురు చదువుతారే?" అన్నాడు పీరా.
గ్రోక్ గేటు దగ్గర కూచుని
మా ఇద్దరి చేతులవైపూ చూస్తా ఉంది.